ఫోటోలో మన వెనక ఉన్న నగరం

ఇండియా వెళ్లొచ్చిన ప్రతి హైదరాబాదీ ఫోన్‌లోనూ ఒక ఫోటో తప్పకుండా ఉంటుంది. ముందు కుటుంబం, వెనక చార్మినార్. నా దగ్గర అలాంటివి ఏడున్నాయి. ఏడింటిలోనూ పిల్లల ఎత్తు మారింది, నా జుట్టు పలచబడింది, చార్మినార్ మాత్రం అలాగే ఉంది. 1591 నుంచి నిలబడ్డ కట్టడం అది. దాన్ని తీయడానికి రోజూ వేలమంది వస్తారు. మనం తీయకపోయినా దానికి లోటు లేదు. మనం తీయకపోతే ఇక ఎవరూ తీయనివి వేరే ఉన్నాయి. ఈ వ్యాసం వాటి గురించే.

నాది హైదరాబాద్‌లోని గౌలిగూడ. 2002లో ఎమ్మెస్ చదవడానికి అమెరికా వచ్చాను. ఇప్పుడు డాలస్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ఫోటోగ్రఫీ నా వృత్తి కాదు, ఎక్కడా నేర్చుకోలేదు. ఇంటికి వెళ్లినప్పుడల్లా తెల్లవారుజామున ఐదున్నరకు కెమెరా పట్టుకుని పాతబస్తీ వైపు వెళ్లడం మాత్రం కొన్నేళ్లుగా అలవాటైంది. జెట్‌లాగ్ పుణ్యమా అని ఆ టైముకి ఎలాగూ మెలకువ వస్తుంది.

ఆల్బమ్‌లో లేని ఇల్లు

ఈ అలవాటు మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టుతో మొదలైంది. అప్పుడది రెండో తరగతి. అమ్మానాన్నలు పెరిగిన ఇంటి ఫోటో ఒకటి తెమ్మని టీచర్ చెప్పింది. మేం గౌలిగూడలో ఉన్నది కిరాయి పోర్షన్‌లో. మధ్యలో పైకప్పు లేని వాకిలి, చుట్టూ నాలుగు కుటుంబాలు, కింద షాబాదు బండలు, వీధి వైపు రెండు రెక్కల పెద్ద దర్వాజ. నేను అమెరికా వచ్చిన రెండేళ్లకు దాన్ని పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టారు.

అమ్మకు ఫోన్ చేసి పాత ఆల్బమ్‌లన్నీ వీడియోలో చూపించమన్నాను. పుట్టినరోజులు, పెళ్లిళ్లు, తిరుపతి, నాగార్జునసాగర్ అన్నీ ఉన్నాయి. ఇల్లు మాత్రం లేదు. పన్నెండేళ్లు ఉన్నాం, ఒక్క ఫోటో లేదు. కారణం తేలిగ్గానే అర్థమైంది. రోలుకి 36 ఫోటోలు. కడిగించడానికి, ప్రింట్లకి డబ్బులు. గోడను ఫోటో తీయడానికి ఏ ఇంట్లోనూ డబ్బులు పెట్టేవారు కాదు. మనుషుల్ని తీసేవారు, అదీ కొత్తబట్టలు వేసుకున్న రోజున.

చివరికి ఒకటి దొరికింది. మా కాక కొత్త స్కూటర్ కొన్నప్పుడు వీధిలో తీసింది. స్కూటర్ మీద కాక, హ్యాండిల్‌కి పూలదండ, టైరు కింద నిమ్మకాయ. ఆయన భుజం వెనక జానెడు జాగాలో మా దర్వాజలో ఒక రెక్క, దాని పక్కన కిటికీ జాలీ, అరుగు మీద ఎవరిదో నీళ్ల బిందె. మా ఇంటికి ఈ ప్రపంచంలో మిగిలిన సాక్ష్యం అంతే. ఫోటో తీసినాయన స్కూటర్‌ని చూశాడు. నలభై ఏళ్లకు మాకు కావలసి వచ్చింది స్కూటర్ వెనక ఉన్నది.

అమ్మాయి ఆ జానెడు ముక్కనే పెద్దది చేసి ప్రాజెక్టులో అంటించింది. అప్పటినుంచి నేను ఊరికి వెళ్తే వెనక ఉన్నదాన్నే తీస్తున్నాను.

ఆయన కూడా ఇంజినీరే

ఈ విషయంలో హైదరాబాద్‌కి పెద్ద వారసత్వం ఉంది. లాలా దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టారు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇందోర్‌లో ప్రజాపనుల శాఖలో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టారు. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. నిజాం ఆయనకు ‘రాజా’ బిరుదు ఇచ్చారు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఇంగ్లిష్ మహిళకు అప్పగించారు. 1905లో ఆయన చనిపోయారు. ఆ స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించి భద్రపరిచింది.

మనం రోజూ వాడే బషీర్‌బాగ్ అనే పేరు పైగా ప్రభువు ఆస్మాన్ జా కట్టించిన ప్యాలెస్‌ది. ప్యాలెస్ ఇప్పుడు లేదు. పేరు బస్సు బోర్డుల మీద మిగిలింది, రూపం దీన్‌దయాళ్ ఫోటోల్లో మిగిలింది. ఆయన ఆ ఫోటోలు తీసింది ప్రభువుల వైభవం చూపించడానికి. ఇవాళ వాటిని చూసేవాళ్లు దీపాలు ఎలా వేలాడదీశారు, నేల మీద ఏం పరిచారు, మూలన నిలబడ్డ మనిషి తలపాగా ఎలా చుట్టాడు అని వెతుకుతారు. అక్కడ కూడా విలువ పెరిగింది వెనక ఉన్నవాటికే.

మూసీకి ఇటూ అటూ

సెలవుల్లో ఒక్క పొద్దుటిపూట మాత్రమే దొరికితే నయాపూల్ వంతెన మీద నిలబడమని చెబుతాను. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. వేలమంది చనిపోయారు. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరద కట్టడికి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు ఇరుకు వీధులను తెరిచి కొత్త రోడ్లు, బజార్లు కట్టింది. పత్తర్‌గట్టీలో రోడ్డుకు రెండు పక్కలా కనిపించే రాతి కమాన్ల వరస ఆ బోర్డు పనే.

వంతెన మీంచి చూస్తే ఒక ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి, ఎదుటి ఒడ్డున హైకోర్టు. రెండింటి వెనకా విన్సెంట్ ఎష్ అనే వాస్తుశిల్పి చెయ్యి ఉంది. హైకోర్టుకు నమూనా గీసింది జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్, కట్టించింది ఎష్. అది 1920లో ప్రారంభమైంది. కాచిగూడ స్టేషన్ కూడా ఎష్ రూపకల్పనే. ఫోటో తీసేవాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటి చెబుతాను. మనం ఎక్కువగా వెళ్లే డిసెంబర్‌లో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. ఉత్తరపు ఒడ్డున ఉండి దక్షిణానికి తిరిగిన ఆస్పత్రి ముఖం మీద ఎండ బాగా పడుతుంది. నదికి అవతల ఉన్న హైకోర్టు ముందుభాగం ఆ నెలల్లో నీడలోనే ఉంటుంది. కాబట్టి దాన్ని మబ్బుపట్టిన రోజునగానీ, ఆకాశంలో ఇంకా వెలుగుండగా దీపాలు వెలిగే వేళగానీ తీయాలి.

ఈ రెండు భవనాలూ పోతాయని నా బెంగ కాదు. వాటి ముందున్న జీవితం మారబోతోంది. 2020 జులైలో వాననీరు వార్డుల్లోకి చేరాక ఆస్పత్రి పాత భవనంలోంచి రోగులను తరలించారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆస్పత్రికి శంకుస్థాపన జరిగింది. రాజేంద్రనగర్‌లో కొత్త హైకోర్టుకు 2024 మార్చిలో పునాదిరాయి వేశారు. అవి పూర్తయ్యాక పాత గుమ్మటాలు ఉంటాయి. గేటు బయట ఇడ్లీబండి, ఫైళ్లు చంకలో పెట్టుకుని నల్లకోటు సర్దుకుంటూ పరుగెత్తే వకీలు, చెట్టు కింద టిఫిన్ డబ్బా విప్పుకున్న రోగి బంధువులు ఉంటారో లేదో. గుమ్మటాన్ని తర్వాతైనా తీయొచ్చు. ఇడ్లీబండిని ఇప్పుడే తీయాలి.

రోగుల ముఖాలను మాత్రం నేను తీయను. కష్టంలో ఉన్న మనిషి మన ఆల్బమ్‌కి సరుకు కాదు. కోర్టు, ఆస్పత్రి లోపలికి కెమెరాతో వెళ్లను. బయట రోడ్డు మీద కనిపించేదే చాలా ఉంది.

‘లాకే దేతా కౌన్?’

శాలిబండ వెళ్లే దారిలో ఒక కళాయి దుకాణం ఉండేది. పాత ఇత్తడి గిన్నెలకు లోపల తగరం పూత వేసే పని. పట్టుమని ఆరడుగుల వెడల్పు లేని దుకాణం. నేల మీద బొగ్గుల కుంపటి. గిన్నె కాలాక నవాసారం పొడి చల్లుతారు. గుప్పున తెల్లటి పొగ. ఆ పొగలోనే దూదితో తగరాన్ని ఒక్క తిప్పు తిప్పితే మసిబారిన గిన్నె అద్దంలా మెరుస్తుంది. అంతా రెండు మూడు నిమిషాల పని. 2022 డిసెంబర్‌లో గుమ్మం బయట నిలబడి, ‘‘చాచా, ఫోటో తీయనా?’’ అని అడిగాను.

పెద్దాయన తలెత్తకుండానే అన్నాడు. ‘‘లేకే జాతే సబ్, బేటా. లాకే దేతా కౌన్?’’

తీసుకెళ్లేవాళ్లే అందరూ, తెచ్చిచ్చేవాడెవడు అని. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఫోటోలు తీసి, మర్నాడే కోఠిలో ఒక ల్యాబ్‌లో నాలుగు ప్రింట్లు వేయించి పట్టుకెళ్లాను. ఒక్కొక్కటే చూసి, దుకాణం మొత్తం పడ్డదాన్ని విడిగా తీశాడు. చెక్క తలుపులు, పైన కమాను, కమానులో పావురాల గూడు, పక్కన చేత్తో రాసిన ఉర్దూ బోర్డు అన్నీ అందులో ఉన్నాయి. తన ముఖం బాగా వచ్చిన ఫోటోను కొడుక్కిచ్చి, దుకాణం ఉన్నదాన్ని తను ఉంచుకున్నాడు.

తర్వాత మెట్రో వచ్చింది. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మార్గం. దాని కోసం రోడ్డు వెడల్పు చేయాలి. 2025లో దారి పొడవునా కూల్చివేతలు మొదలయ్యాయి. నేను మెట్రోకి వ్యతిరేకిని కాదు. డెబ్బై దాటిన మా నాయన ఎవరి సాయం లేకుండా మలక్‌పేట నుంచి అమీర్‌పేట వెళ్లొస్తున్నారంటే మెట్రో వల్లే. పాతబస్తీ వాళ్లకు మాత్రం ఆ సుఖం ఎందుకొద్దు? కానీ రోడ్డు వెడల్పయ్యేటప్పుడు ఏమేం పోతున్నాయో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా.

మొన్న వెళ్లినప్పుడు దుకాణం లేదు. ముందుభాగం కోసేశాక కమానులో సగం గాల్లో వేలాడుతోంది. అడుగుతూ వెళ్తే వెనక గల్లీలో దొరికాడు. అదే కుంపటి, రేకుల షెడ్డు. గోడకి నేనిచ్చిన ఫోటో ప్లాస్టిక్ కవర్‌లో వేలాడుతోంది. ‘‘పాత గిరాకీలు వచ్చి ఏ దుకాణం మీదని అడిగితే ఇది చూపిస్తున్నా’’ అన్నాడు. నేను కళ అనుకుని తీసిన ఫోటో ఆయనకు అడ్రసుగా పనికొస్తోంది. ఇంతకన్నా మంచి చోటు నా ఫోటోకి దొరకదు.

అప్పటినుంచి సూట్‌కేసులో చాక్లెట్లతోపాటు పోయినసారి తీసినవాళ్ల ప్రింట్లు కూడా ఉంటాయి. లాడ్‌బజార్‌లో లక్కను బొగ్గుల మీద కరిగించి, గాజుకి రాళ్లు పొదిగే అమ్మకి ఒకటి. ఇరానీ హోటల్లో పాతికేళ్లుగా చాయ్ పోస్తున్నాయనకి ఒకటి. మొజంజాహి మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ కలిపే కుర్రాడికి ఒకటి. మొజంజాహి మార్కెట్ 1935 నాటిది. ఒకప్పుడు పండ్ల బజారు. బోర్డులు, రేకులు, తీగల మధ్య కనపడకుండా పోయిన దాని రాతిగోడలను శుభ్రం చేసి 2020లో మళ్లీ తెరిచారు. బాగుచేస్తే బతికే కట్టడాలూ ఉన్నాయనడానికి అది రుజువు. కొత్త అసెంబ్లీ కోసం ఎర్రమంజిల్‌ను కూల్చాలనుకున్నప్పుడు జనం కోర్టుకు వెళ్లారు. 2019 సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఒక కట్టడం ఉందని గుర్తున్నవాళ్లు ఉంటేనే దానికోసం అడిగేవాళ్లు ఉంటారు.

మూడు వారాల్లో ఎలా?

సెలవుల్లో పెళ్లిళ్లు, బ్యాంకు పనులు, షాపింగ్ మధ్య ఇదంతా ఎక్కడ కుదురుతుంది అంటారా? నాకు కుదిరిన పద్ధతి చెబుతాను. ఖరీదైన కెమెరా అక్కర్లేదు, చేతిలో ఉన్న ఫోన్ చాలు.

ఒకటి, ఊరంతా తిరగొద్దు. ఒక వీధి ఎంచుకోండి. మీరు పెరిగిన వీధి అయితే ఇంకా మంచిది. ఆ చివర నుంచి ఈ చివరకు రెండు వైపులా ప్రతి గుమ్మం, ప్రతి దుకాణం వరసగా తీయండి. అరగంట పడుతుంది. తర్వాతిసారి అదే చోట నిలబడి అదే వైపు మళ్లీ తీయండి. సుల్తాన్‌బజార్‌లో ఒక మూలను నేను నాలుగుసార్లు తీశాను. మెట్రో వంతెన నీడ ఎప్పుడొచ్చింది, ఏ గాజుల కొట్టు సెల్‌ఫోన్ కొట్టయింది, ఏ మేడ మీద కుటుంబం ఖాళీ చేసి గోదాముకిచ్చింది, అన్నీ పక్కపక్కన పెడితే కనిపిస్తాయి.

రెండు, పొద్దున్నే వెళ్లండి. ఏడు లోపల షట్టర్లు మూసి ఉంటాయి, బండ్లు రావు, కమాన్లు కనిపిస్తాయి. సాయంత్రం ఆరుకి అదే చోటికి వెళ్తే మనుషులు కనిపిస్తారు. రెండూ తీస్తేనే వీధి పూర్తవుతుంది. చార్మినార్, గోల్కొండ లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో చేత్తో పట్టుకుని తీసుకోవచ్చు. ముక్కాలి స్టాండ్ వేయాలంటే ముందుగా అనుమతి కావాలి.

మూడు, అడిగి తీయండి. కాదంటే నవ్వి వచ్చేయండి. తీసినవాళ్లకి ప్రింట్ ఇవ్వండి. వాట్సాప్‌లో పంపిస్తే ఫోన్ మారినప్పుడు పోతుంది. కాగితం గోడ మీద ఉంటుంది.

నాలుగు, ఇది నా ఉద్యోగం నేర్పింది. పేరులేని ఫైలు ఉన్నా లేనట్టే. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీస్తే తేదీ, స్థలం ఫోటోలోనే నమోదవుతాయి. కానీ వాట్సాప్‌లో పంపితే ఆ వివరాలు రాలిపోతాయి, సైజూ తగ్గుతుంది. అందుకే అసలు ఫైలును దాచుకోవాలి. ఇంట్లో ఒక డిస్కులో, క్లౌడ్‌లో, ఇండియాలో చుట్టాలింట్లో ఇంకో డిస్కులో, మూడుచోట్ల పెడతాను. ప్రతి ఫోటోకీ తెలుగులో రెండు వాక్యాలు రాస్తాను. ఏ వీధి, ఏ వైపు, ఆ దుకాణంలో ఏం అమ్మేవారు, అంతకుముందు అక్కడ ఏముండేది. ఈ చివరిది నాకు తెలియదు, మా నాయనకి తెలుసు. ఆదివారం వీడియోకాల్‌లో ఒక ఇరవై ఫోటోలు చూపిస్తాను. ‘‘ఈడ పిండిగిర్ని ఉండె. అగో, ఆ మెట్ల కింద చెప్పులు కుట్టే ముసలాయన కూసుంటుండె’’ అని చెబుతుంటే టైప్ చేసుకుంటాను. మోకాలి నొప్పి, షుగరు గురించి తప్ప వేరే మాటలు లేని మా కాల్స్ ఇప్పుడు గంట దాటుతున్నాయి.

కట్టడాల ఫోటోల్లో మంచివాటిని వికీమీడియా కామన్స్‌లో ఎక్కిస్తే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. తెలుగు వికీపీడియా వ్యాసాలకూ పనికొస్తాయి. మనుషుల ముఖాలు, ఇళ్ల లోపలి ఫోటోలు మాత్రం ఇంట్లోనే ఉంచుకోండి.

పిల్లల చేతికి ఇవ్వండి

హైదరాబాద్ ఒక్కటే కాదు. మీది రాజమండ్రి అయితే 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెన గురించి అమ్మమ్మను అడిగి రాసుకోండి. విజయవాడ అయితే వన్‌టౌన్ సందులు, విశాఖ అయితే పాత పోస్టాఫీసు చుట్టుపక్కల ఇళ్లు తీయండి. ఊరు చిన్నదైతే ఇంకా నయం, ఒక్క పొద్దుటిపూటలో ఊరంతా అయిపోతుంది.

మొన్న వెళ్లినప్పుడు పదిహేనేళ్ల మా అమ్మాయికి ఒక రోజు కెమెరా ఇచ్చి వదిలేశాను. అది గుమ్మటాల జోలికే పోలేదు. నానమ్మ ఇంటి బయట విప్పిన పదకొండు జతల చెప్పులు తీసింది. కరెంటు స్తంభం మీద చిక్కుపడ్డ తీగలు, వాటిలో ఇరుక్కున్న గాలిపటం తీసింది. మూడో అంతస్తు నుంచి తాడు కట్టి కిందికి దించిన కూరగాయల బుట్ట, అందులో పాల ప్యాకెట్ వేస్తున్న చెయ్యి తీసింది. నలభై ఏళ్లు చూసి చూసి నాకు కనపడకుండా పోయినవన్నీ దానికి కొత్తగా కనిపించాయి.

ఆ బుట్ట ఫోటో చూసి మా అమ్మ నవ్వింది. ‘‘ఇదేం ఫోటో బిడ్డా, నన్ను మంచి చీరల తియ్యకపోతివి’’ అంది. మా అమ్మాయి రెండూ తీసింది. ముందు చీరలో నానమ్మని తీసింది. తర్వాత నానమ్మ వంటింటిని తీసింది: గోడకి క్యాలెండర్, కిటికీలో కరివేపాకు కొమ్మ, గట్టు మీద తిరగబెట్టిన స్టీలు గ్లాసులు.

ఈసారి మీరు వెళ్లినప్పుడు కుటుంబమంతా నిలబడి ఫోటో దిగండి. అది కావాల్సిందే. అయిపోయాక అందర్నీ ఒక్క నిమిషం పక్కకు జరగమని, ఉన్నచోటి నుంచే ఇంకో ఫోటో తీయండి. కింద ఆ రోజు తేదీ, వీధి పేరు రాసిపెట్టండి.